ఆ ప్రొపెల్లర్ మీద చెయ్యి వేసే ముందు

మల్కాపురం,
విశాఖపట్నం.

అమ్మలూ,

ఆదివారం పొద్దున్న మీ అమ్మ ఫోన్ చేసింది. ఇంగ్లండులో నీ చదువు అయిపోయిందట. మంచి జీతంతో డిజైన్ ఆఫీసులో చోటొస్తే కాదన్నావట. రెండో ప్రపంచయుద్ధం నాటి కోర్సెయిర్ అనే యుద్ధవిమానాన్ని మళ్లీ ఎగిరించే వర్క్‌షాపులో చేరుతున్నావట. అదంతా చెప్పి, "మీ మాటైతే వింటుంది బాబాయ్, వద్దని చెప్పండి" అంది. నేను వద్దని చెప్పను. ఓడల మీద విమానాలు చూసుకుంటూ బతికిన మనిషిని, ఆ మాట నా నోట రాదు. మన ఇంట్లో నా తర్వాత పానా పట్టే చెయ్యి నీదవుతుందని ఏనాడూ అనుకోలేదు. ఆ రోజంతా వీధిలో కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాను. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో ఈ ఉత్తరంలో రాస్తున్నాను. పొడుగైందని విసుక్కోకుండా చివరిదాకా చదువు.

మాన్యువల్ తెరిచి పక్కన పెట్టుకోకుండా పని మొదలుపెట్టకు. పానాలు లెక్కపెట్టి తీసుకో, లెక్కపెట్టి తిరిగి పెట్టు. నీ కళ్లతో చూడని పనికి సంతకం పెట్టకు. చెవులు కాపాడుకో. ఇవి అక్కడివాళ్లు మొదటిరోజే చెబుతారు, నేను సాగదీయను.

నీ చేతికొచ్చే విమానం ఎలాంటి బతుకు బతికిందో ముందు తెలుసుకో. ఓడ మీద విమానానికి తుపాకీ దెబ్బ కన్నా డెక్ దెబ్బ ఎక్కువ. 1943 సెప్టెంబరులో ఇటలీలో సలెర్నో దగ్గర సేనలు దిగుతున్నప్పుడు, పైన కాపలాకి బ్రిటిష్ వాళ్లు ఐదు విమానవాహక నౌకల మీద 106 సీఫైర్లు (ఓడల మీద దిగేలా మార్చిన స్పిట్‌ఫైర్ ఫైటర్లు) తెచ్చారు. మూడో రోజు తెల్లవారేసరికి ఎగరగలిగినవి 39. శత్రువు కూల్చినవి చాలా తక్కువ. మిగతావాటిలో చాలావరకు డెక్ మీద దిగుతూ దెబ్బతిన్నవే. ఆ నౌకల్లో నాలుగు చిన్నవి, ఎంత తోలినా 17 నాట్ల వేగం (గంటకి 31 కిలోమీటర్లు) దాటవు. పైగా ఆ రోజుల్లో అక్కడ గాలి లేదు. ఎదురుగాలి లేకపోతే విమానం డెక్ మీదికి ఉండాల్సిన దానికన్నా వేగంగా వచ్చి పడుతుంది. చక్రాల కాళ్లు విరిగాయి, తోక దగ్గర రేకు మడతలు పడింది, ప్రొపెల్లర్ కొనలు డెక్‌కి తగిలి చీలాయి. చివరికి ప్రొపెల్లర్ కొనలు కొంచెం కోసేసి, కురచ ప్రొపెల్లర్లతోనే పంపారు. స్పేర్లు అయిపోయినప్పుడు పనివాడు చేసే పని అలాగే ఉంటుంది.

కోర్సెయిర్ సీఫైర్ కన్నా గట్టిది. కానీ అది కూడా మొదట్లో డెక్‌కి తగలగానే బంతిలా ఎగిరేది. కాళ్లలోని ఒలియోలు, అంటే గాలీ నూనే నింపిన షాక్ అబ్జార్బర్లు, మార్చాక గానీ దారికి రాలేదు. అందుకని నీ విమానంలో మొదట చూడాల్సింది ఇంజను కాదు. కాళ్లు బిగించే చోటు, తోకచక్రం చుట్టుపక్కల, డెక్ మీది తీగని పట్టుకుని విమానాన్ని ఆపే తోక హుక్ లాగిన ఫ్రేములు. ట్యూబ్‌లైటు కింద అవన్నీ నున్నగా కనిపిస్తాయి. షాపులో దీపాలు ఆర్పించి, టార్చిని రేకుకి ఆనించినట్టు పెట్టి, పక్కవాటుగా వెలుతురు వెయ్యి. పాత మడతలు అలల్లా లేస్తాయి. రివెట్ల చుట్టూ, గాలి పోయే వైపుకి తోకలా, నల్లటి పొడి గీత కనిపిస్తే ఆ రివెట్టు లోపల కదులుతున్నట్టు. దాన్ని గుడ్డతో తుడిచేసి ఊరుకోకు. తుడిచేముందు ఫొటో తీసి, చుట్టూ సుద్దతో గీసి, పైవాళ్లకి చూపించు.

ఇక సామాన్ల సంగతి. నీకు ఎక్కువ రోజులు పట్టేది ఇక్కడే. దీని మూలం తెలియాలంటే 1945లో జపాన్ మీద యుద్ధానికి వెళ్లిన బ్రిటిష్ పసిఫిక్ ఫ్లీట్ ఎలా నెట్టుకొచ్చిందో చూడాలి. మూలస్థావరం సిడ్నీ. ముందు వరసలో మానస్ దీవి, ఫిలిప్పీన్స్‌లోని లేతే దగ్గర ఓడలు లంగరు వేసే చోటు. వేల మైళ్ల దూరం. మార్చి 26న జపాన్ వాళ్ల సకిషిమా దీవుల మీద దాడులు మొదలయ్యాయి. రెండు మూడు రోజులు కొట్టడం, వెనక్కి జరిగి నడిసముద్రంలోనే చమురు, సరుకు ఎక్కించుకోవడం, మళ్లీ వెళ్లడం. పోయిన విమానాల బదులు కొత్తవి చిన్న వాహక నౌకల మీద నుంచి ఎగిరొచ్చి దిగేవి. యూనికార్న్ అనే నౌకని మొదటినుంచీ విమానాల మరమ్మతు కోసమే కట్టారు, తేలే వర్క్‌షాపు అనుకో. మన దేశంలో కోయంబత్తూరులో కూడా వాళ్ల నావికాదళానికి విమానాల మరమ్మతు యార్డు ఉండేది. ఇంత పెట్టుకున్నా చాల్లేదు. ఎందుకంటే ఒక్క ఫ్లీట్‌లోనే అమెరికా కోర్సెయిర్, హెల్‌క్యాట్, అవెంజర్, బ్రిటన్ సీఫైర్, ఫైర్‌ఫ్లై. ఐదు రకాల విమానాలంటే ఐదు రకాల గిడ్డంగి అరలు. ఓడలో అరలు పెరగవు. సీఫైర్లకి దూరం సరిపోక, ఇంప్లేకబుల్ నౌక వాళ్లు అమెరికన్ కిట్టీహాక్ విమానాల డ్రాప్ ట్యాంకులు (కింద తగిలించే అదనపు పెట్రోలు ట్యాంకులు) సంపాదించి తమవాటి కింద బిగించుకున్నారు.

హెల్‌క్యాట్‌కీ కోర్సెయిర్‌కీ ఇంజను ఒకటే కుటుంబం, ప్రాట్ అండ్ విట్నీ ఆర్-2800. అలాగని ఒకదాని సామాను ఇంకోదానికి అంతా కుదరదు. ఆ పేరు వెనక డ్యాష్ పెట్టి ఒక అంకె ఉంటుంది. ఆ అంకెలోనే కార్బురేటర్, సూపర్‌ఛార్జర్ తేడాలన్నీ ఉంటాయి. డ్యాష్ అంకె చూడకుండా ఏదీ తెప్పించకు. ఇంకో సంగతి, కోర్సెయిర్‌ని మూడు కంపెనీలు తయారుచేశాయి: వాట్, గుడ్‌ఇయర్, బ్రూస్టర్. బ్రూస్టర్ పనితనం బాగాలేక 1944లో ఆ ఆర్డరే రద్దు చేశారు. డేటా ప్లేటు మీద ఎవరి పేరుందో చూడు. ఒకే డ్రాయింగ్ అయినా రంధ్రాలు ఒకే చోట ఉంటాయన్న నమ్మకం పెట్టుకోకు. ముందు కొలిచి చూడు, ఆ తర్వాతే డ్రిల్ పట్టు.

మీది బ్రిటిష్ నావికాదళానికి వచ్చిన విమానమైతే రెక్కల కొనలు కూడా చూసుకో. బ్రిటిష్ నౌకల్లో హ్యాంగర్, అంటే డెక్ కింద విమానాలు దాచే హాలు, పైకప్పు ఎత్తు తక్కువ. కోర్సెయిర్ రెక్కలు పైకి మడిస్తే తగిలేవి. అందుకని ఒక్కో కొన 8 అంగుళాలు కోసేశారు. ఇంప్లేకబుల్, ఇండిఫాటిగబుల్ హ్యాంగర్లు 14 అడుగులే. కోసినా వాటిలో కోర్సెయిర్ పట్టలేదు. అమెరికా నుంచి ఎవరో ఉదారంగా పంపిన రెక్క కొన మీ విమానానికి కుదరకపోతే తప్పు మీ కొలతలది కాకపోవచ్చు. బ్రిటిష్ వాళ్లకి దాదాపు 2,000 కోర్సెయిర్లు వచ్చాయి. అమెరికా యుద్ధసామాను అరువుగా ఇచ్చిన లెండ్‌లీజ్ ఒప్పందం ప్రకారం యుద్ధం అయ్యాక వెనక్కి ఇవ్వాలి, లేదా డబ్బు కట్టాలి, లేదా నాశనం చెయ్యాలి. ఎన్నిటినో బాగున్నవాటిని బాగున్నట్టే డెక్ మీద నుంచి సముద్రంలోకి తోసేశారు. ఆ సామానంతా ఇప్పుడు నీకు అక్కరకొచ్చేది. అది తలచుకుంటే ఈనాటికీ నా కడుపు తరుక్కుపోతుంది.

నువ్వుండేది ఇంగ్లండు, విమానం అమెరికాది. ఈ ఒక్క తేడాలో రెండు గుంటలున్నాయి. మొదటిది పానాలు. పాత బ్రిటిష్ విట్‌వర్త్ పానా మీద రాసి ఉండేది బోల్టు లావు. అమెరికన్ పానా మీద రాసి ఉండేది నట్టు రెండు మొహాల మధ్య దూరం. ఒకే అంకె కనిపిస్తుంది, నోరు మాత్రం వేరు. దగ్గరగా ఉన్నది తగిలిస్తే పట్టినట్టే ఉంటుంది, బలం పెట్టగానే నట్టు మూలలు నున్నగా అరిగిపోతాయి. యుద్ధంలో ఆ నౌకల మీద రెండు రకాల పెట్టెలూ ఉంచుకోక తప్పలేదు. నువ్వు కూడా రెండు పెట్టెలు పెట్టుకో. కోర్సెయిర్ పెట్టెకి ఎర్ర రంగు వేసి, బ్రిటిష్ పానా ఒక్కటి కూడా అందులోకి రానివ్వకు. రెండోది గాలన్. కోర్సెయిర్ మెయిన్ ట్యాంకు 237 గాలన్లు అని మాన్యువల్‌లో ఉంటుంది. అది అమెరికా గాలన్, 3.785 లీటర్లు. మీ దగ్గర పెద్దవాళ్ల నోట వచ్చే గాలన్ 4.546 లీటర్లు. వాళ్ల లెక్కలో అదే ట్యాంకు 197. ఇంధనానికీ నూనెకీ గోడ మీద చార్టు లీటర్లలో రాసి అతికించు. గాలన్ అన్న మాటే ఆ గోడ మీద ఉండకూడదు.

ఉప్పు గురించి నీకు నేను చెప్పాలా, విశాఖలో పుట్టినదానివి. మన మేడ మీద కిటికీ ఊచలు ఏమయ్యాయో చూశావు. కానీ అల్యూమినియానికి పట్టే తుప్పు ఎర్రగా రాదమ్మా. తెల్లటి పొడి, పెయింటు కింద చిన్న బొబ్బ, అంతే. గోటితో నొక్కితే కరకరమంటుంది. స్టీలు బోల్టు అల్యూమినియంలోకి దిగిన ప్రతి చోటా ఉంటుంది. మెగ్నీషియం పోతపనులు ఉంటే వాటికి ఇంకా తొందరగా పడుతుంది. దాన్ని ఎప్పుడూ ఇనప బ్రష్‌తో గానీ, స్టీల్ ఊల్‌తో గానీ రుద్దకు. ఇనుము నలుసులు రేకులో దిగబడి, నువ్వు శుభ్రం చేశానన్న చోటే ఆరు నెలల్లో మళ్లీ కొత్త మచ్చలు లేస్తాయి. అల్యూమినియం ఊల్ లేదా నైలాన్ ప్యాడ్ వాడు. రేకు పైన పల్చటి స్వచ్ఛ అల్యూమినియం పొర ఉంటుంది, కాపాడేది అదే. మెరుపు రావాలని దాన్ని అరగదీయకు. ఓడలో మంచినీళ్లు రేషను కాబట్టి విమానాలని కడిగేది తక్కువ, లానోలిన్ లాంటి జిడ్డు పూసి కాపాడేది ఎక్కువ. నీకు నీళ్లకి కొదవ లేదు. బాగా కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడే పూత వెయ్యి. తడి మీద జిడ్డు పూస్తే ఉప్పుని లోపల పెట్టి తలుపేసినట్టే.

కోర్సెయిర్ బయటి రెక్కల్లో స్పార్ (రెక్క పొడుగునా ఉండే ప్రధాన దూలం) వెనక భాగం గుడ్డ. చాలామంది అంత పెద్ద ఫైటర్‌కి గుడ్డ రెక్కేమిటని నమ్మరు. రడ్డర్, ఎలివేటర్లూ గుడ్డవే. గుడ్డ కింద నీళ్లు నిలవకుండా అడుగున చిన్న రంధ్రాలుంటాయి. పెయింటు వేసేటప్పుడు అవి మూసుకుపోతాయి. ప్రతి పూత తర్వాత సన్నటి పుల్లతో ఒక్కొక్కటీ తెరుచుకుందో లేదో చూడు. ఇది చిన్నపిల్లల పనిలా ఉంటుంది. కానీ ఒక రంధ్రం మూసుకుంటే రెక్క లోపల ఒక చెంబెడు నీళ్లు నిలిచి కుట్లు కుళ్లబెడతాయి.

స్పేర్లు లేనప్పుడు ఒక విమానాన్ని ఊడదీసి నాలుగింటికి పెట్టడం ప్రతి నావికాదళంలోనూ ఉన్నదే. మన నావికాదళం సీహాక్ జెట్ విమానాలూ అంతే. బ్రిటన్‌లో తయారీ ఆగిపోయిన విమానాలు అవి. తర్వాత పశ్చిమ జర్మనీ వాడి వదిలేసినవి 28 తెచ్చుకున్నాం. అలాంటి విమానాలే 1971 డిసెంబరు 4న, నాలుగు బాయిలర్లలో ఒకటి పగిలిన విక్రాంత్ డెక్ మీద నుంచి లేచి, అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్‌బజార్ మీదికి వెళ్లాయి. యుద్ధమంతా లేస్తూనే ఉన్నాయి. ఊడదీయడం పాపం కాదు. చీటీ లేకుండా ఊడదీయడమే పాపం. భాగం నంబరు, సీరియల్ నంబరు, ఏ విమానం నుంచి, ఎన్ని గంటలు నడిచింది, ఎందుకు తీశాం, ఎవరు తీశారు, తేదీ. ఏడు సంగతులు, గట్టి అట్ట మీద పెన్సిలుతో రాయి, ఇంకు నూనెకి కారిపోతుంది. తీగతో భాగానికే కట్టు. భాగం ఉన్న డబ్బాకి కట్టకు, డబ్బాలు మారతాయి. విమానం వైపు కూడా, ఆ భాగం ఉండాల్సిన చోట, ఎర్ర చీటీ వేలాడాలి. ఇటుపక్క చీటీ లేకపోతే, అక్కడ ఏదో లేదన్న సంగతే రేపు పొద్దున్న వచ్చినవాడికి తెలియదు.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని సంగతి.

1945 మే నెల. ఫార్మిడబుల్ అనే బ్రిటిష్ నౌక సకిషిమా దగ్గర ఉంది. మే 4న ఒక కమికాజే, అంటే జపాన్ వాళ్ల ఆత్మాహుతి విమానం, వచ్చి డెక్‌ని కొట్టింది. మే 9న ఇంకొకటి. రెండుసార్లూ డెక్ మీద నిలిపిన విమానాలు కాలాయి, మనుషులు పోయారు. అయినా ఇనప డెక్ పగులుకి అతుకు వేసి, మళ్లీ విమానాలు లేపారు. అంత గట్టి ఓడ. మే 18న శత్రువు ఎవరూ రాలేదు. హ్యాంగర్‌లో ఒక కోర్సెయిర్ దగ్గర మామూలు పని జరుగుతోంది. దాని తుపాకుల్లో గుళ్లున్నాయన్న సంగతి గమనించలేదు. అవి పేలాయి. ఎదురుగా నిలిపిన అవెంజర్‌కి తగిలాయి. అది పేలిపోయి హ్యాంగర్ అంటుకుంది. మంట ఆర్పడానికి పైనుంచి నీళ్ల జల్లు తెరిచారు. హ్యాంగర్ జల్లు అంటే సముద్రపు నీళ్లే. కాలనివి కూడా ఉప్పునీళ్లలో నానిపోయాయి. అంతా కలిపి 28 దాకా విమానాలు పనికి రాకుండా పోయాయి. రెండు కమికాజేలకీ తట్టుకుని నిలబడిన ఓడ, నాలుగు రోజుల తర్వాత ఫ్లీట్‌ని వదిలి సిడ్నీ దారి పట్టింది.

ఇది ఎలా జరుగుతుందో నీకు తెలియాలి. కోర్సెయిర్‌లో ఆరు బ్రౌనింగ్ తుపాకులు, అర అంగుళం గుండువి. ఆ తుపాకీ పేలగానే తర్వాతి గుండుని తనే లోపలికి లాక్కుని సిద్ధంగా పెట్టుకుంటుంది. అందుకని గుళ్ల బెల్టు తీసేశాక కూడా గొట్టం మొదట్లో ఒకటి మిగిలి ఉంటుంది. బయటి నుంచి చూస్తే బెల్టు లేదు, పెట్టె ఖాళీ. "తీసేశాం" అని చెప్పినవాడు అబద్ధం చెప్పినట్టు కాదు. బెల్టు తీశాడు. విన్నవాడు తుపాకీ ఖాళీ అనుకున్నాడు. అందుకే ఆ పని పద్ధతి ఇలా ఉంటుంది: బెల్టు తీసి, మూత తెరిచి, తుపాకీ బోల్టుని (గుండుని లోపలికి తోసే ముక్కని) రెండుసార్లు వెనక్కి లాగి, అప్పుడు గొట్టం మొదట్లోకి కంటితో చూసి, చీకటిగా ఉంటే వేలు పెట్టి తడిమి చూడాలి. అది ఒక తుపాకీకి. అలా ఆరింటికి. ఐదు చూసి ఆరోది కూడా అంతేలే అనుకోకూడదు. రోజంతా పనిచేసి, నిద్ర లేక, చెమటలు కక్కుతూ, వంద విమానాలకి చేసిన చేతికి నూట ఒకటోది కూడా అలాగే కనిపిస్తుంది. నేను ఆ మనిషిని తిట్టలేను. ఆ వేడిలో, ఆ ఇరుకులో ఎవరి చెయ్యి అయినా అదే చేసేది. అందుకనే భయం.

"మా విమానంలో ఉన్నవి ఉత్త గొట్టాలు, తాతయ్యా" అని నువ్వంటావు. తెలుసు. నీ విమానానికి తుపాకీ ఆ ప్రొపెల్లర్.

ఇంజను తిరిగితే చాలు, బ్యాటరీ లేకుండానే ప్లగ్గులకి నిప్పురవ్వ పుట్టించేది మాగ్నెటో. మాగ్నెటోని ఆఫ్ చేయడమంటే దానికి కరెంటు ఆపడం కాదు, దాని తీగని ఎర్త్‌కి కలపడం. కాక్‌పిట్‌లో స్విచ్ ఆఫ్‌లోనే ఉంటుంది, అందరూ చూశారు. కానీ ఆ ఎర్త్ తీగ ఎక్కడో తెగి ఉంటే, లేదా కనెక్టరు వదులైతే, మాగ్నెటో ఇంకా బతికే ఉంది. సిలిండర్‌లో కాస్త పెట్రోలు ఆవిరి మిగిలితే చాలు, చేత్తో ప్రొపెల్లర్ తిప్పినా ఇంజను ఒక్కసారి తన్నొచ్చు. 13 అడుగుల ప్రొపెల్లర్ అది. అందులో నీ చెయ్యి ఉంటుంది.

మరి చేత్తో తిప్పకుండా కుదరదు. ఆర్-2800కి రెండు వరసల్లో 18 సిలిండర్లు, 36 ప్లగ్గులు. 1వ నంబరు పైన, వెనక వరసలో. బేసి అంకెలు వెనక, సరి అంకెలు ముందు. అట్టడుగున 10, దానికి అటూ ఇటూ 9, 11. ఇంజను ఆగి నిలబడితే నూనె మెల్లగా కిందికి దిగి ఈ అడుగు సిలిండర్లలో చేరుతుంది. నూనె నలగదు. స్టార్టర్ కొడితే పిస్టన్ వచ్చి ఆ నూనెని గుద్దుకుంటుంది, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. చెడు ఏమిటంటే ఆ రోజు ఇంజను మామూలుగానే నడవొచ్చు. వంగిన రాడ్ ఇంకో రోజు, గాల్లో, పైలట్ కింద విరుగుతుంది. అందుకని ఆన్ చేసే ముందు చేత్తో తిప్పాలి. నువ్వు చేసే వరస ఇది:

మాగ్నెటో స్విచ్ ఆఫ్ అని నువ్వే వెళ్లి చూడు, ఎవరో అరిచి చెబితే సరిపోదు. మిక్స్చర్ లివర్ (ఇంజనుకి పెట్రోలు పాళ్లు మార్చేది) కట్ ఆఫ్‌లో, ఇంధనం మూసి ఉండాలి. చక్రాలకి చెక్కలు పెట్టాలి. కింద నేల మీద నూనె ఉంటే ముందు తుడవాలి, కాలు జారితే పడేది ప్రొపెల్లర్ లోపలికే. ప్రొపెల్లర్ తిరిగే బాటలో నీ తల, నీ వీపు, ఏదీ ఉండకూడదు. లాగి, ఆ ఊపుతోనే బయటికి నడిచిపో. ఇద్దరే లాగాలి, మూడో మనిషి వద్దు. ఎక్కువమంది చేరితే బలం ఎక్కువై, నూనె అడ్డుపడినా తెలియకుండానే రాడ్‌ని వంచేస్తారు. పది పన్నెండు బ్లేడ్లు తిప్పాలి, మీ మాన్యువల్ ఇంకా ఎక్కువ చెబితే అదే లెక్క. మెత్తగా బరువుగా వచ్చి పోయేది కంప్రెషన్. గోడకి తగిలినట్టు ఒక్కసారిగా ఆగిపోతే అది నూనె. అక్కడ ఆగిపో. బలం పెట్టకు. వెనక్కి తిప్పకు. వెనక్కి తిప్పితే నూనె ఇన్‌టేక్ గొట్టంలోకి వెళ్లి దాక్కుంటుంది, స్టార్ట్ చేయగానే మళ్లీ సిలిండర్‌లోకే వస్తుంది. అడుగు సిలిండర్ల ప్లగ్గులు ఊడదీసి, కింద తట్ట పెట్టి, పూర్తిగా కారనివ్వు. ఎంత కారిందో కొలిచి లాగ్‌లో రాయి. ప్లగ్గులకి 36 గుంతలున్న చెక్క ఒకటి చేయించుకో, సిలిండర్ నంబరు, ముందుది వెనకది రాయించు. కిందపడ్డ ప్లగ్గు మళ్లీ వాడొద్దు, బయటికి పగులు కనపడకపోయినా సరే.

మాగ్నెటో ఎర్త్ బాగుందో లేదో తెలిసేది ఇంజను నడుస్తున్నప్పుడే. ప్రతి రన్ చివర, ఐడిల్‌లో, స్విచ్‌ని ఒక్క క్షణం ఆఫ్ చేసి, ఇంజను మొత్తం పోబోతుందనగా మళ్లీ ఆన్ చేయిస్తారు. అక్కడ ఇంజను తగ్గకుండా అలాగే నడుస్తూ ఉంటే ఎర్త్ తీగ తెగినట్టు. నువ్వు కింద ఉన్నప్పుడు ఈ పరీక్ష చేశారో లేదో చెవితో వినాలి. వినకపోతే కాక్‌పిట్‌లో ఉన్నవాడిని అడుగు. అతను ఎంత పెద్దవాడైనా అడుగు. అడిగినందుకు కోప్పడితే పడనీ. ఆ పరీక్ష జరగని ఇంజను ప్రొపెల్లర్ మీద చెయ్యి వేయనని చెప్పి పక్కన నిలబడు. ఈ ఒక్క విషయంలో నువ్వు మొండిగా ఉంటే, మీ అమ్మకి నేను ధైర్యం చెప్పగలను.

ఇలాంటివే ఇంకా ఉన్నాయి. ఒలియో కాలులో గాలి ఒత్తిడితో నిండి ఉంటుంది, విమానం జాకీల మీద ఉన్నా ఉంటుంది. గాలి పూర్తిగా వదలకుండా పై నట్టు విప్పితే లోపలి గొట్టం ఫిరంగిలా వస్తుంది. హైడ్రాలిక్ అక్యుములేటర్ కూడా ఇంజను ఆపిన తర్వాత ఒత్తిడి పట్టుకునే ఉంటుంది. రెక్క మడిచి ఉన్నప్పుడు దాని కింద నిలబడకు. తెరిచి ఉన్నప్పుడు లాక్ పిన్ను మొత్తం లోపలికి దిగిందో లేదో కంటితో చూడు, కాక్‌పిట్‌లో లివర్ ఏ వైపు ఉందన్నది లెక్క కాదు. టైరులో గాలి నింపేటప్పుడు చక్రానికి పక్కన కాకుండా, ముందువైపు గానీ వెనకవైపు గానీ కూర్చో. అంచు పగిలితే ముక్కలు ఎగిరేది పక్కకే.

రాత్రి పొద్దుపోయాక పని చేయకు తల్లీ. చిన్నప్పుడు కూడా నువ్వంతే, సైకిల్ చెయిన్ ఎక్కేదాకా అన్నానికి వచ్చేదానివి కాదు. అన్నం ఆరిపోయేది, వదిన గుమ్మంలో నిలబడి అరుస్తుండేది, నువ్వు తల ఎత్తేదానివి కాదు. ఆ పట్టుదల చూస్తే నాకు ముచ్చటేసేది. ఇప్పుడు అదే గుర్తొచ్చి దిగులేస్తోంది. అలసిన చెయ్యి చూడకుండానే చూశాననుకుంటుంది. పని సగంలో ఆపాల్సి వస్తే ఏ బోల్టు దగ్గర ఆపావో చీటీ రాసి, ఆ బోల్టుకే కట్టి ఇంటికి వెళ్లు. పొద్దున్న దాన్ని విప్పి, రెండు బోల్టులు వెనక నుంచి మళ్లీ మొదలుపెట్టు.

వదిన నీకిచ్చిన ఉంగరం సంగతి. నువ్వది ఎప్పుడూ వేలి నుంచి తియ్యవని తెలుసు, ఆమె పోయాక మరీను. షాపులోకి అడుగుపెట్టే ముందు తీసెయ్యి. రెక్క మీద నుంచి కిందికి దూకినప్పుడు ఉంగరం ఒక రివెట్టుకో, ప్యానెల్ అంచుకో పట్టుకుంటే వేలు అక్కడే ఉండిపోతుంది. బ్యాటరీ టెర్మినల్‌కి తగిలితే వేలు చుట్టూ ఎర్రగా కాల్తుంది. గొలుసులో వేసి మెడలో వేసుకుంటానంటావేమో, అదీ వద్దు. జడ కూడా టోపీలోకి దోపుకో. ఉంగరాన్ని చిన్న డబ్బాలో వేసి నీ గదిలోనే పెట్టు, లేదా ఈసారి వచ్చినప్పుడు మీ అమ్మ చేతికివ్వు.

వచ్చే నెల మన ఎదురింటి వాళ్ల అబ్బాయి లండన్ వెళ్తున్నాడు. నా పాత తనిఖీ అద్దం, పొడుగు కడ్డీది, అతనితో పంపిస్తున్నాను. పిడి దగ్గర కాస్త వదులుంది, బిగించుకో. అడుగు సిలిండర్ల వెనక ప్లగ్గులు చూడడానికి అంతకన్నా మంచిది నీకు దొరకదు. మొదటిసారి వాటిని విప్పినప్పుడు 9, 10, 11 నంబర్లవి వరసగా పెట్టి ఫొటో తీసి పంపు. నూనె ఎంత కారిందో కూడా రాయి.

మీ చిన్నతాతయ్య